పుర్రెకో బుద్ధి, గడ్డానికో బ్లేడు

రెండేళ్లుగా కనపడ్డ ప్రతివాడికీ నేను ఒకే బ్లేడు గురించి చెబుతూ వచ్చాను. ఆఫీసులో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, ఓసారి రైల్లో పక్క బెర్తు కుర్రాడికి కూడా చెప్పాను. “కార్ట్రిడ్జిల మీద వందలు తగలేయకు బాస్. పాతకాలం రేజర్ సెట్టు ఒకటి కొనుక్కో. అందులో ఈ బ్లేడు వెయ్యి. చెంప మీద ఈగ వాలితే జారిపడాలి” అని. విసిగించడాన్ని మనవాళ్లు ‘బ్లేడు వెయ్యడం’ అని ఎందుకంటారో ఆ కుర్రాడి మొహం చూస్తే తెలిసిపోయేది.

ఆ ఉత్సాహం చివరికి మా తమ్ముడి పీకల మీదికి తెచ్చింది. మాటవరసకి కాదు, నిజంగా పీక మీదికే.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. వయసు 22. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్ ఫ్రంట్ ఆఫీసులో చేరాడు. ఆరు నెలలు ప్రొబేషన్. రోజూ డ్యూటీ ఎక్కేముందు వరసలో నిలబెట్టి గోళ్లు, బూట్లు, గడ్డం చూస్తారట. వాడిది రింగుల జుట్టు, గడ్డమూ అంతే. “రోజూ గీసుకుంటుంటే మెడంతా మండిపోతోంది అన్నయ్యా, ఏం వాడమంటావ్?” అని అడిగాడు. ఇంకేం, దొరికాడు! నా రేజర్ లాంటిదే ఒకటి, నా బ్లేడ్ల ప్యాకెట్టు ఒకటి కొనిచ్చాను. ఎలా గీసుకోవాలో కూడా నేనే చూపించాను. ముందు పైనుంచి కిందికి, తర్వాత అడ్డంగా, ఆఖర్న కిందినుంచి పైకి. మూడు విడతలు.

పది రోజుల తర్వాత వీడియో కాల్ చేశాడు. మెడ మీద ఎర్రటి పొక్కులు, కొన్నిట్లో చీము. తెల్ల చొక్కా కాలరు లోపల రక్తపు మరకలు. గీసుకోకపోతే గడ్డం చూసి రిమార్కు రాస్తారు, గీసుకుంటే కాలరు చూసి రాస్తారు. “ఇప్పటికి రెండయ్యాయి. మూడోది పడితే ప్రొబేషన్ పొడిగిస్తారంట” అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ లెన్సు పెట్టి మెడ చూసి, ఒక పొక్కులోంచి సన్నటి సూదితో వెంట్రుకని పైకి లేపి చూపించింది. స్ప్రింగులా చుట్టుకుని ఉంది.

విషయం ఏంటంటే, చర్మాన్ని లాగి పట్టి, ఎదురు గీసి, వెంట్రుకని మరీ దగ్గరగా తెగ్గోస్తే, వదిలేశాక అది చర్మం కిందికి పోతుంది. తెగిన మొన ఏటవాలుగా, సూదిలా ఉంటుంది. నిటారుగా పెరిగే వెంట్రుకైతే వచ్చిన దారినే మళ్లీ పైకొస్తుంది. రింగుల వెంట్రుక వంగి పక్క చర్మంలోకి గుచ్చుకుంటుంది. ఒళ్లు దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే లెక్కేసి వాపు తెప్పిస్తుంది. డాక్టర్లు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. రింగుల జుట్టు ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది. అంటే ‘ఈగ వాలితే జారిపడాలి’ అని నేను దేని గురించైతే గొప్పలు చెప్పుకుంటున్నానో, వాడి మెడకి జబ్బు సరిగ్గా అదే.

నాలుగు వారాలు గడ్డం ముట్టుకోవద్దని చెప్పి డాక్టరు ఉత్తరం రాసిచ్చింది. హోటల్ వాళ్లు వాడిని తీసుకెళ్లి లోపల రిజర్వేషన్ ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ప్రొబేషన్ రోజులు మాత్రం తరుగుతూనే ఉన్నాయి.

ఆ నాలుగు వారాల్లో నన్నొక అనుమానం తొలిచేసింది. వాడి సంగతి సరే, అసలు ఆ బ్లేడు నాకైనా గొప్పదేనా? లేక గొప్పదని నేనే అనుకుంటున్నానా?

సేఫ్టీ రేజర్ బ్లేడు ఎక్కడ కొన్నా చూడ్డానికి ఒకటే. 43 మిల్లీమీటర్ల పొడవు, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 0.1 మిల్లీమీటరు మందం, కాస్త అటూఇటూగా. ఏ కంపెనీ బ్లేడైనా ఏ కంపెనీ రేజర్లోనైనా పడుతుంది. అందుకే ఈ బ్లేడ్ల మీద ఇన్ని వాదనలు. కార్ట్రిడ్జి వాడేవాళ్లకి పాపం ఈ వాదించుకునే సుఖం లేదు. వాడి పారేసే ఈ పలచటి బ్లేడుని అమెరికాలో మార్కెట్లోకి తెచ్చిన కింగ్ జిలెట్ 1903లో అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. అంతే! ఇప్పుడు మా వీధి చివర కిరాణా కొట్లోనే నాలుగు రకాలు దొరుకుతున్నాయి.

బయటికి ఒకేలా ఉన్నా తేడా అంచు దగ్గరుంటుంది. ఏ స్టీలు, ఎంత కోణంలో సానబెట్టారు, పైన ఏం పూశారు అన్నది. పదును పట్టాక అంచు మీద క్రోమియమో ప్లాటినమో పలచగా వేస్తారు. ఆ పైన నాన్‌స్టిక్ పెనం మీద ఉండే టెఫ్లాన్ జాతి పూత. ఈ పై పూత లేకపోతే ఎంత పదునున్నా వెంట్రుకని కోసినట్టుండదు, పీకినట్టుంటుంది. ప్యాకెట్టు మీద ‘ప్లాటినం’ అని పెద్దక్షరాలు చూసి నేను చాలాకాలం ప్లాటినమే గడ్డం గీస్తోందనుకున్నాను. గీసేది స్టీలే.

సరే, పరీక్ష పెట్టుకుందామనుకున్నాను. సరిగ్గా అప్పుడే మోకాలు చూపించుకోవడానికి నాన్న తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. ఆయన్నీ కలుపుకున్నాను. మా చెల్లి బీఫార్మసీ మూడో ఏడు. “పేరు చూసి గీసుకుంటే అది పరీక్షెలా అవుతుందిరా? మందుల్ని కూడా పేరు చెప్పకుండానే ఇచ్చి చూస్తారు” అని పెత్తనం తను తీసేసుకుంది. బ్లేడు రేజర్లో బిగించి ఇచ్చేది తనే. బిగించాక మాకు కనిపించేది అంచు మాత్రమే, పేరు కనపడదు. ఒకటి నుంచి అయిదు దాకా నంబర్లు. ఎవరి బ్లేడ్లు వాళ్లవే. ఒక్కో నంబరుతో రెండు గడ్డాలు, రోజు విడిచి రోజు. గీసుకోగానే పదికి మార్కులు వేసి తన నోట్‌బుక్కులో రాయాలి.

ఇక్కడ ఆ బ్లేడ్ల పేర్లు చెప్పట్లేదు. మర్చిపోయి కాదు, కావాలనే. చెబితే మీలో సగంమంది ఈ పేజీ మూసేలోపే ఆర్డర్ పెట్టేస్తారు. మీ మెడలు నేను చూడలేదు. ఇంతవరకు చెప్పొచ్చు: చవకది ఒక్కోటి 3 రూపాయల లోపు. ఖరీదైనది, అంటే నేను ఊరంతా ప్రచారం చేసింది, దాదాపు 30.

నాన్న గడ్డం గీసుకోవడం చూడాలి మీరు. కిటికీలో చిన్న అద్దం, మగ్గుతో నీళ్లు, ముక్క అయిపోతున్న సబ్బు, నలభై ఏళ్ల నాటి రేజర్ సెట్టు. చెంపని వేళ్లతో పైకి లాగి పట్టుకుని, చిన్నచిన్న గీతలు. ఆఖర్న పటిక. నలభై ఏళ్లుగా ఒకటే బ్రాండు బ్లేడు. ఒక్కోటి పది గడ్డాలు. మధ్యలో మొండిబారిందనిపిస్తే గాజుగ్లాసు లోపలి గోడకి రుద్ది మళ్లీ వాడతారు. “వేరే రేజర్‌తో నేను గీసుకోను, నా సెట్టుతోనే” అని ముందే షరతు పెట్టారు. చెల్లి ఒప్పుకుంది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, టిఫిన్లయ్యాక, చెల్లి నోట్‌బుక్కు తెరిచింది.

నాన్న అయిదింట్లో అన్నిటికంటే తక్కువ మార్కులు వేసింది నంబరు 1కి. పక్కన ఆయన చేత్తోనే ‘మొద్దు. లాగుతోంది’ అని రాసుంది. నంబరు 1 అంటే నలభై ఏళ్లుగా ఆయన వాడుతున్న బ్లేడే. నాన్న రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత “నంబర్లు తారుమారు చేసుంటావు” అని లేచి వెళ్లిపోయారు.

నేను నవ్వాను. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. నా ముప్పై రూపాయల బ్లేడుకి నేను వేసుకున్నవి 6 మార్కులు. 3 రూపాయల లోపుదానికి 8. అది కూడా సరిపెట్టుకున్నాను. అసలు దెబ్బ తర్వాత కొట్టింది. “మూడుకి ఎనిమిది వేశావు, అయిదుకి అయిదు వేశావు కదా? మూడూ అయిదూ ఒకటే బ్లేడురా. ఒకే ప్యాకెట్టు లోంచి తీశాను” అంది.

ఒకే కంపెనీ, ఒకే ప్యాకెట్టు, ఒకే మొహం. ఒకసారి 8, ఇంకోసారి 5.

చెల్లి గీసుకున్న తేదీలు చూపించింది. నంబరు 3 రెండుసార్లూ శనాదివారాలు, స్నానం చేశాక, తీరిగ్గా. నంబరు 5 రోజుల్లో ఒకసారి పొద్దున్నే స్టాండప్ కాల్ ఉంది, ఇంకోసారి గీజర్ పని చెయ్యలేదు. గడ్డం వెంట్రుక ఎండుగా ఉంటే గట్టిగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు వేడినీళ్లు తగిలితే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కొయ్యడానికి చాలా తక్కువ బలం చాలు. నేను బ్లేడుకి వేశాననుకున్న మార్కులు ఆ రోజు గీజర్‌కి, నిద్రకి, ఆఫీసు కాల్‌కి వేసినవి కూడా. ఇంటర్నెట్లో నేను చదివి నమ్మిన వందల అభిప్రాయాల వెనక ఎవరెవరి గీజర్లున్నాయో!

నీళ్ల మాటొచ్చింది కాబట్టి ఒక నిజం కథ. 2002 ప్రాంతంలో జిలెట్ మన దేశం కోసమని వెక్టర్ అనే రేజర్ తెచ్చింది. తెచ్చేముందు అమెరికాలో ఎంఐటీలో చదువుతున్న భారతీయ విద్యార్థుల చేత వాడించి చూశారు. వాళ్లు భేష్ అన్నారు. తీరా ఇక్కడికొచ్చాక జనానికి నచ్చలేదు. ఎందుకంటే అక్కడి కుర్రాళ్ల ముందు ధారగా పడే కుళాయి ఉంది. ఇక్కడ చాలామంది ముందున్నది మా నాన్న ముందున్నట్టే, ఒక మగ్గు. మగ్గులో ముంచితే బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు వదలవు. తర్వాత మన ఇళ్లలోకే వచ్చి కూర్చుని చూసి, 2010లో ఒకే బ్లేడున్న గార్డ్ తెచ్చారు. రేజర్ 15 రూపాయలు, బ్లేడు 5 రూపాయలు. అది నిలబడింది. అంత పెద్ద కంపెనీయే ఒకళ్ల గడ్డం చూసి ఇంకొకళ్లకి బ్లేడు చెప్పి దెబ్బతింది. నేనెంత!

నాన్న అలక మూడు రోజులకి తీరింది. నాలుగో రోజు నాకో ఆలోచన వచ్చింది. నంబరు 4 బ్లేడు నన్ను రెండుసార్లూ గడ్డం కింద కోసింది. నాన్న మాత్రం దానికి 9 వేశారు. ఆయన రేజర్ అడిగి తీసుకుని, డెటాల్ నీళ్లతో కడిగి, అందులో కొత్త నంబరు 4 వేసి గీసుకున్నాను. వెన్నలా నడిచింది. ఒక్క గాటు లేదు.

ఇంతకీ కోసింది బ్లేడు కాదు, నా రేజర్. మూత బిగించినప్పుడు లోపల బ్లేడు కొంచెం వంగుతుంది. అంచు ఎంత బయటికొచ్చింది, కింద పట్టీకీ దానికీ ఎంత సందుంది, అది చర్మానికి ఏ కోణంలో తగులుతోంది అన్నది రేజర్ రేజర్‌కీ మారుతుంది. నాన్నది సాధువు రకం, అంచు దాదాపు దాక్కునే ఉంటుంది. నేను కొన్నది దూకుడు రకం. పైగా నా చెయ్యి బరువు. కార్ట్రిడ్జి అలవాటు పోక ఇంకా నొక్కి గీస్తున్నాను. రేజర్ బరువే చాలు, నొక్కక్కర్లేదు.

అంచుకి ఏం జరుగుతుందో 2020లో ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో రాశారు. వెంట్రుక స్టీలు కంటే దాదాపు 50 రెట్లు మెత్తన. మరి బ్లేడు ఎందుకు మొండిబారుతుంది? మెల్లగా అరిగి అనుకునేవాణ్ని. వాళ్లలో ఒకాయన తన గడ్డమే గీసుకుని, ప్రతిసారీ బ్లేడు అంచుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశాడు. అక్కడక్కడా పెచ్చులు ఊడిపోయి ఉన్నాయి. వెంట్రుక బ్లేడుకి ఏటవాలుగా వంగి తగిలినప్పుడు, అక్కడ స్టీలు నిర్మాణం ఒకేలా లేకపోతే, అంత మెత్తటి వెంట్రుకే అంచుని పెచ్చు లేపుతుందట. కాబట్టి ‘ఈ బ్లేడు ఎన్ని గడ్డాలొస్తుంది’ అన్న ప్రశ్నకి నాన్న జవాబు పది, నా జవాబు నాలుగు. అబద్ధం ఇద్దరం చెప్పట్లేదు.

ఇక తమ్ముడు. నాలుగు వారాలు పూర్తయ్యేసరికి వాడి మెడ నయమైంది, గడ్డం బాగా పెరిగింది. మా వీధి సెలూన్‌కి తీసుకెళ్లాను. అక్కడ అన్న బ్లేడుని కాగితంలో ఉండగానే నిలువునా రెండుగా విరిచి సగం ముక్క కత్తిలో బిగిస్తాడు. ఇరవై ఏళ్లుగా ఒకటే బ్రాండు. రోజుకి ముప్పై నలభై మొహాలు. “అందరికీ ఒకటే బ్లేడు ఎలా సరిపోతుందన్నా?” అంటే, “బ్లేడు మారదు సార్, చెయ్యి మారుస్తా” అన్నాడు.

తమ్ముడి మెడ మీద నాలుగు వేళ్లతో ఒకసారి అటూ ఇటూ నిమిరాడు. “ఇటు చూడండి సార్” అని నన్ను పిలిచాడు. గడ్డం పెరిగి ఉంది కాబట్టి ఇప్పుడు నాకూ కనిపించింది. కుడివైపు వెంట్రుకలు కిందికి వాలి ఉన్నాయి. ఎడమవైపు, గొంతు దగ్గర, గాలికి వరిచేను పడిపోయినట్టు సగం పక్కకి, సగం పైకి వాలి ఉన్నాయి. నేను నేర్పించిన ‘ముందు పైనుంచి కిందికి’ వాడి ఎడమ మెడకి మొదటి విడతే ఎదురు గీత! పొక్కులు ఎడమవైపే ఎక్కువ రావడానికి కారణం అదే.

ఆ తర్వాత వాడికి మేం మార్చినవి ఎన్నో లేవు. మూడు విడతల బదులు ఒకటే విడత, వాలు వెంటే, చర్మం లాగకుండా. రేజర్ నాన్నది లాంటి సాధువు రకం. డ్యూటీ లేని రోజు గీయడం లేదు. ఎడమ గొంతు దగ్గర జానెడు కూడా లేని ఆ చోట మాత్రం డాక్టరు చెప్పినట్టు బ్లేడు అసలు తగలకుండా ట్రిమ్మర్, కొంచెం గరుకు మిగిలేలా. ఆ గరుకు గురించి డాక్టరు ఇంకో ఉత్తరం ఇచ్చింది. బ్లేడు కూడా చెల్లి వాడి చేత పేరు చూపించకుండానే ఎంపిక చేయించింది. రెండేసిసార్లు వాడి, వాడు తేల్చింది నంబరు 1. నాన్న ‘మొద్దు’ అని రాసిన బ్లేడు.

మీరూ చూద్దామనుకుంటే రకానికి ఒకటి రెండు చొప్పున కలిపి అమ్మే ప్యాకెట్లు దొరుకుతాయి, అది చాలు. బ్లేడు మార్చిన వారం సబ్బు మార్చకండి, రేజర్ మార్చకండి. ఒకేసారి మూడూ మార్చేసి నాలా తీర్పులు చెప్పకండి. పొక్కుల్లో చీము కనిపిస్తే మాత్రం పరీక్షలు మానేసి డాక్టరు దగ్గరికెళ్లండి. వాడేసిన బ్లేడ్లు చెత్తబుట్టలో విడిగా పారేయొద్దు. చెత్త ఎత్తే చేతులు కూడా చేతులే. పాత మందుల డబ్బాకి మూతలో సన్నటి గాటు పెట్టుకుని అందులో వేస్తూ పోవచ్చు.

నాన్న ఊరికి బయల్దేరేముందు సంచి సర్దుతుంటే చూశాను. కొత్త బ్లేడ్ల ప్యాకెట్లు ఆరున్నాయి. అదే పాత బ్రాండు. “మీరు తక్కువ మార్కులు వేసింది దీనికేగా నాన్నా?” అన్నాను. “నీ చెల్లెలు నంబర్లు మార్చింది” అన్నారు, జిప్పు లాగుతూ.

తమ్ముడు మళ్లీ ఫ్రంట్ ఆఫీసులోకి వెళ్లి అయిదు వారాలైంది. మూడో రిమార్కు పడలేదు. ప్రొబేషన్ ఇంకా పందొమ్మిది రోజులుంది. మొన్న రాత్రి ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, మా బ్యాచ్‌లో ఇంకో కుర్రాడికి నాకొచ్చినట్టే మెడంతా పొక్కులు. నువ్వే బ్లేడు వాడుతున్నావురా అని అడిగాడు.”

“ఏం చెప్పావ్?”

“ముందు కాలరు విప్పి మెడ చూపించమన్నాను.”